ఉక్కపోతలో పరుగు

అనంతపురం

చిరంజీవి చిట్టితల్లికి,

మొన్న ఫోనులో నువ్వన్న మాట నా మనసులోనే తిరుగుతోంది. "ఇక్కడికి రాకముందు కిలోమీటరు ఆరు నిమిషాల్లో హాయిగా పరిగెత్తేదాన్ని. విశాఖలో ఏడు పడుతోంది, అయినా గుండె దడదడలాడుతోంది. నాలో సత్తువ తగ్గిపోయింది మామయ్యా" అన్నావు. సత్తువేమీ తగ్గలేదమ్మా, గాలి మారింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ బీచ్ రోడ్డు మీదే పరిగెత్తినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, విను.

మన వంటింటి మూలన ఉన్న మట్టికుండ గుర్తుందా? నడి వేసవిలో కూడా అందులో నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. అదే కుండను విశాఖలో పెడితే నీళ్ళు అంత చల్లబడవు. కుండ పైన చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోవాలి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతుంది? మన ఒళ్ళూ ఆ కుండ లాంటిదే. పరుగులో ఖర్చయ్యే శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి ఒంటిని వదులుతుంది. కారి నేలపాలైన చెమటతో ఆ మేలు జరగదు. ఇక్కడ పరిగెత్తి వస్తే నీ చొక్కా మీద ఉప్పు చారలు మిగిలేవి. అక్కడ మోచేతుల నుంచి బొట్లు బొట్లుగా కారుతోంది కదూ.

వేడి బయటికి పోకపోతే ఒళ్ళు రక్తాన్ని చర్మం వైపు మళ్ళిస్తుంది. కాళ్ళకూ రక్తం కావాలి. మరోపక్క చెమటతో రక్తంలో నీరు తగ్గుతూ వస్తుంది. దాంతో గుండె మరిన్నిసార్లు కొట్టుకోవలసి వస్తుంది. నువ్వు ఒకే వేగంతో వెళ్తున్నా అరగంట దాటేసరికి దడ పెరిగేది అందుకే.

మారథాన్ వీరుడు కిప్చోగే అంతటివాడికీ ఇది తప్పలేదు. వేడికి జడిసి టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను సపోరోకు మార్చినా, 2021 ఆగస్టులో అక్కడా ఉక్కే. బెర్లిన్‌లో 2018లో 2 గంటల 1 నిమిషం 39 సెకన్లలో పరిగెత్తిన మనిషికి సపోరోలో 2 గంటల 8 నిమిషాల 38 సెకన్లు పట్టింది. బంగారు పతకం మాత్రం ఆయనదే. బయలుదేరిన 106 మందిలో 30 మంది చివరిదాకా రాలేకపోయారు.

ఈ సంగతి నాకు దెబ్బ తగిలాకే తెలిసింది. ఒక సెప్టెంబరు ఉదయం గడియారంలో అంకె పెరగకూడదని పంతం పట్టి పరిగెత్తాను. తెన్నేటి పార్కు దగ్గరికి వచ్చేసరికి ఆ ఉక్కలో ఒంటి మీద రోమాలు నిక్కబొడుచుకుని చలి పుట్టింది, కళ్ళు తిరిగాయి. జోడుగుళ్ళపాలెం జాలరి పెద్దాయన ఒకాయన నన్ను నీడన కూర్చోబెట్టి బిందెడు నీళ్ళు నెత్తిన గుమ్మరించాడు. ఆ చలి, తల తిరగడం, మాట తడబడటం కనిపిస్తే నువ్వు అక్కడికక్కడే ఆగిపో. నీడకు చేరి ముందు ఒళ్ళు తడుపుకో. మనిషి తికమకగా మాట్లాడుతుంటే తడుపుతూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రేపటి నుంచి ఇలా చెయ్యి. తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద బండ్లు ఆపే వేళకే బయలుదేరు. అప్పుడు తేమ ఎక్కువే అయినా ఎండ ఉండదు. వేగాన్ని ఊపిరితో కొలుచుకో. పరిగెడుతూ ఒక వేమన పద్యం ఎత్తుకో. పాదం మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైందన్నమాట. కిలోమీటరుకు ఏడు నిమిషాలు పట్టినా, ఏడున్నర పట్టినా ఆ రోజుకు అదే నీ నిలకడ. తారురోడ్డు అంచుకు వాలుగా ఉంటుంది. వెళ్ళిన అంచు మీదే తిరిగి వస్తే రెండు కాళ్ళకూ భారం సమానమవుతుంది. తడిసిన కాలిబాట పలకల మీద అడుగు చిన్నదిగా వెయ్యి.

పరుగుకు ముందూ తర్వాతా బరువు చూసుకో. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టు. దాహం వేసినంత తాగు, ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ తాగు. బరువు పెరిగిందంటే అవసరానికి మించి తాగావన్నమాట. రక్తంలో సోడియం పలచబడటం కూడా ప్రమాదమే.

పది పద్నాలుగు రోజులు ఇలా ఓపిక పట్టావంటే ఒళ్ళు అలవాటు పడుతుంది. రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట ముందే పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. పైకి వేగం కనిపించని ఈ రోజుల్లోనే లోపల పని జరుగుతుంది తల్లీ. ఆ రోజుల్ని ఓటమి అనుకోకు.

సంక్రాంతికి వస్తావుగా. పొడిగాలిలో, చలి పొద్దున, ఇద్దరం చెరువు గట్టు దాకా వెళ్దాం. అప్పుడూ గడియారం చూడొద్దు, పద్యం చెబుతూ పరిగెత్తు. వేగం ఎంతో నేను చూసి చెబుతాను.

నీ మామయ్య