అనుదిన పరిచర్యయు యంత్రపు లెక్కయు
పఠన భాగము: అపొస్తలుల కార్యములు 6:1-6

యెరూషలేము సంఘము పెరుగుచున్న దినములలో పుట్టిన ఈ సణుగు సిద్ధాంతమును గూర్చినది కాదు, అన్నమును గూర్చినది. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు పంపకములో భాగము అందుట లేదు. ఎవరో పగబట్టి చేసిరని లూకా వ్రాయలేదు. జనము హెచ్చెను, పంచువారికి ఆ స్త్రీల ముఖములు తెలియవు కాబోలు.

మన రాష్ట్రములోను అన్నము పంచుచోటనే ఇట్టి సణుగు పుట్టినది. తెలంగాణ ప్రభుత్వము సమగ్ర వేదిక అను కంప్యూటరు ఏర్పాటును వాడుకలోనికి తెచ్చెను. అది పలు శాఖల దస్త్రములను కలిపి, ఈ పేరును ఆ పేరును ఒక్క మనుష్యునివే అని తానే ఊహించి, రేషను కార్డునకు ఎవరు తగరో సూచించును. కృత్రిమ మేధ అని నేడు చెప్పుకొనుచున్న విద్యకు ఇది దగ్గర చుట్టము. హైదరాబాదులో రిక్షా త్రొక్కి బ్రతికిన యొకని కుటుంబము కారు గలవారని ఎంచబడెను. దగ్గర పేరు గల వేరొకని కారు ఆయన లెక్కలో పడెను! ఆయన చనిపోయిన తరువాతను భార్య ఆ కార్డు కొరకు తిరుగుచునే యుండెను.

2014-2019 మధ్య రాష్ట్రములో 18 లక్షలకు పైగా కార్డులు రద్దయినవి. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు వాటిని క్షేత్రస్థాయిలో మరల విచారింపుమని ఆజ్ఞాపించెను. ఆ జూలై నాటికి చూచిన సుమారు 2 లక్షల 5 వేల దరఖాస్తులలో 15 వేలకు పైగా అర్హులవని తేలెను. నూటికి ఏడెనిమిది, స్వల్పమే అందురు, బియ్యము ఆగని ఇంటివారు.

ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. నెదర్లాండ్సులో పిల్లల సంరక్షణ భత్యము పొందిన వేలాది తలిదండ్రులను మోసగాండ్రని తప్పుగా ముద్రవేసినందున 2021 జనవరిలో ఆ ప్రభుత్వమే రాజీనామా చేసెను. 2024లో ఐరోపా సమాఖ్య చేసిన చట్టము, ప్రభుత్వ సహాయమునకు అర్హులను తేల్చు యంత్రములను అధిక ప్రమాదము గలవాటిలో చేర్చి, మనుష్యుల పర్యవేక్షణను విధించెను. మన దేశములో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చెను గాని, కృత్రిమ మేధకై ప్రత్యేక చట్టము లేదు.

రామగుండము, గోదావరిఖని వారమైన మనకు ఈ సంగతి క్రొత్త కాదు. బాయిలో గ్యాసు కొలుచు పరికరములు ఎన్ని వచ్చినను, సర్దారు తానే వెళ్లి చూచి, పుస్తకములో వ్రాసి, సంతకము చేయవలెను. ప్రమాదము జరిగిన, ఎవరిని అడుగవలెనో ఆ సంతకము చెప్పును. కార్డు పోయిన స్త్రీకి అట్టి సంతకము ఎక్కడ దొరకును? కంప్యూటరులో అట్లున్నదమ్మా అన్న జవాబే దొరకును.

అపొస్తలులు మరియొక జాబితా వ్రాయించలేదు. ఏడుగురు మనుష్యులను ఏర్పరచిరి. స్తెఫను మొదలు నీకొలాసు వరకు పేర్లు మనయొద్ద నున్నవి. అన్నియు గ్రీకు పేర్లే యగుట గమనింపుడి. సణిగిన పక్షమువారి చేతికే గంటె ఇచ్చిరన్నమాట.

స్త్రీల సమాజమువారు ఈ నెల గృహదర్శనములలో, కార్డు రద్దయిన విధవరాండ్రు మన వీధులలో ఎవరైన నున్నారేమో అడుగవలెను. 2013 ఆహార భద్రత చట్టము ప్రకారము జిల్లాకొక ఫిర్యాదుల అధికారి యుండవలెను. రద్దునకు కారణమేమో 2005 సమాచార హక్కు చట్టము క్రింద వ్రాతమూలముగా అడుగవచ్చును. అర్జీ వ్రాయుట రానివారికి మన యౌవనస్థులు వ్రాసిపెట్టుదురు గాక.