నీళ్ల ప్లాంటులో నీలి ట్యూబు, దాని వెనక ఉద్యోగాలు

మధిరలో ఉంటే మీ వీధి చివరి నీళ్ల ప్లాంటుకు క్యాను పట్టుకుని వెళ్లే ఉంటారు. నింపుకోవడం, బండి ముందు పెట్టుకుని రావడం, అంతే. ఈసారి ఒక్క నిమిషం ఆగి లోపలికి చూడండి. ఆర్వో గొట్టాల తర్వాత, కుళాయికి ముందు చాలాచోట్ల ఒక స్టీలు గొట్టం ఉంటుంది. దాని మూత దగ్గర సన్నగా నీలం వెలుగు కనిపిస్తుంది. అదే యూవీ ట్యూబు. మార్చి ఎన్నాళ్లయిందని ఓనరును అడిగి చూడండి. ‘వెలుగుతోంది కదా’ అనే జవాబే ఎక్కువగా వస్తుంది.

వెలగడం వేరు, క్రిమిని చంపడం వేరు. మన కంటికి కనబడే నీలం పనిచేసే కిరణం కాదు. పాదరసం ఆవిరి నుంచి వచ్చే 254 నానోమీటర్ల కిరణం కంటికి కనబడదు. బ్యాక్టీరియా డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమిన్‌లను అతికించి, ఆ క్రిమి మళ్లీ వృద్ధి చెందకుండా చేసేది అదే. ట్యూబు ఆయుష్షు సుమారు 9,000 గంటలు. రాత్రీ పగలూ వెలిగితే ఏడాది. ఆ తర్వాత నీలం వెలుగు ఉంటుంది గానీ అసలు కిరణం బలహీనపడుతుంది. దాన్ని మీటరు పెట్టి కొలిచి ‘ఇక మార్చాలి’ అని చెప్పగలిగే మనిషి మన ఊళ్లలో అరుదు. ఈ వ్యాసం ఆ మనిషి కాగలిగిన వాళ్ల కోసం.

ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో సెమీకండక్టర్ల పాఠం పరీక్ష కోసం చదివి వదిలేశారు గదా, పాదరసం ట్యూబుకు పోటీగా వచ్చిన యూవీ ఎల్‌ఈడీని అర్థం చేసుకోవడానికి ఇప్పుడు పనికొస్తుంది. 1240ని నానోమీటర్లతో భాగిస్తే ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో వస్తుంది. గాలియం నైట్రైడ్ బ్యాండ్ గ్యాప్ 3.4, అంటే 365 నానోమీటర్లు. క్రిములకు ఇది చాలదు. అల్యూమినియం కలుపుతూ పోతే గ్యాప్ పెరుగుతుంది. 4.5 దగ్గరకు చేరితే 275 నానోమీటర్ల కిరణం వస్తుంది. యూవీ ఎల్‌ఈడీ రహస్యం ఇంతే. నీలి ఎల్‌ఈడీకి 2014లో నోబెల్ అందుకున్న జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలు, అకసాకి, అమానో, నకమురా వేసిన దారే ఇక్కడి దాకా వచ్చింది.

చిక్కంతా ఆ అల్యూమినియంతోనే. అది పెరిగేకొద్దీ పదార్థాన్ని పీ-టైపుగా మార్చడం కష్టమవుతుంది. పుట్టిన వెలుగులో చాలా భాగం చిప్పులోనే ఇంకిపోతుంది. అందుకే 100 వాట్లు ఇస్తే ఎల్‌ఈడీ నుంచి సుమారు 5 వాట్ల యూవీ వస్తుంది, మిగిలినదంతా వేడి. పాదరసం ట్యూబు అదే కరెంటుకు 30, 35 వాట్లు ఇస్తుంది. ఈ లెక్క చూసి ఎల్‌ఈడీ ఓడిపోయిందనుకోకండి. ట్యూబు వేడెక్కి దారికి రావడానికి నిమిషాలు పడుతుంది, మాటిమాటికీ ఆపి వేస్తే త్వరగా పోతుంది. ఎల్‌ఈడీ కుళాయి తిప్పగానే వెలుగుతుంది, కట్టగానే ఆరుతుంది. పగిలితే పాదరసం భయం లేదు. కాబట్టి వంటింటి ఫిల్టరులో ఎల్‌ఈడీ, రోజూ వేల లీటర్లు పారే ప్లాంటులో ట్యూబు. నా అంచనాలో ఇంకొన్నేళ్లు ఇదే పంపకం నడుస్తుంది.

పాదరసాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, భారత్ 2018లో చేరింది. ఇళ్లలో వెలుగు కోసం వాడే ఫ్లోరసెంట్ ట్యూబులకు 2027 గడువు పెట్టారు గానీ, క్రిములను చంపే దీపాలు ఆ జాబితాలో లేవు. అందుచేత చోక్ మార్చడం వచ్చిన కుర్రాడు ఎల్‌ఈడీ డ్రైవర్, దాని హీట్‌సింక్ సంగతీ నేర్చుకుంటే రెండు చేతులా పని ఉంటుంది. ఒక్కదాన్నే పట్టుకుని కూర్చోవద్దు.

యూవీ యంత్రాలకు మన దగ్గరి ఉదాహరణ కావాలంటే 2020కి వెళ్లాలి. కోవిడ్ తొలి నెలల్లో హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, మెకిన్స్ ఇండస్ట్రీస్ కలిసి ఆసుపత్రి గదుల కోసం ఆరు యూవీ ట్యూబుల ట్రాలీని తయారుచేశాయి. డీఆర్‌డీవోకు చెందిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ సెల్‌ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, కాగితాల కోసం ‘డ్రువ్స్’ అనే పెట్టెను చేసింది. నోట్ల కట్టలకు మరో యంత్రం. ట్రాలీ అనగానే శాస్త్రవేత్తలే గుర్తొస్తారు. కానీ రేకు వంచినవాళ్లు, వైరింగ్ చేసినవాళ్లు, క్రిములు చచ్చాయో లేదో ప్లేటులో పెంచి లెక్కపెట్టేవాళ్లు లేకుండా ఇలాంటి యంత్రం వార్డులోకి రాదు.

ఆ చివరి పని బైపీసీ వాళ్లది. మైక్రోబయాలజీతో బీఎస్సీ చేస్తే నీళ్ల పరీక్ష ల్యాబుల్లో అడుగు పెట్టొచ్చు. పదో తరగతితో ఆగినవాళ్లకు ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ ట్రేడులున్నాయి. పైన చెప్పిన రీసెర్చ్ సెంటర్ ఇమారత్, ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ వాళ్లను అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది, ఆ ప్రకటనల మీద కన్నేసి ఉంచండి. పాలిసెట్ రాసి ఈసీఈ డిప్లొమాలో చేరడం మంచి దారి. ఎంపీసీ వాళ్లకు ఈఏపీసెట్. ఆసుపత్రి యంత్రాలంటే ఇష్టముంటే ఉస్మానియాలో బయోమెడికల్ ఇంజనీరింగ్ ఉంది. ఎల్‌ఈడీ చిప్పునే తయారుచేయాలనుకునే వాళ్లది దూరప్రయాణం: ఎమ్మెస్సీ ఫిజిక్స్ లేదా ఎంటెక్, ఆపై పరిశోధన. గాలియం నైట్రైడ్ మీద బెంగళూరు ఐఐఎస్‌సీలో పని జరుగుతోంది.

ఏ దారిలో వెళ్లినా ఒక లెక్క నోటికి రావాలి. డోసు అంటే కిరణ బలం ఇంటూ సమయం. తాగునీటికి సాధారణంగా చెప్పే డోసు చదరపు సెంటీమీటరుకు 40 మిల్లీజౌళ్లు. దీపం చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీవాట్ల బలమిస్తే నీరు 20 సెకన్లు దాని ముందుండాలి. పంపు వేగం రెట్టింపు చేస్తే పది సెకన్లే, అంటే సగం డోసే. క్యాన్లు త్వరగా నింపాలని వేగం పెంచే ప్లాంటులో జరిగేది ఇదే.

నీరు బురదగా ఉంటే ఈ లెక్కా చెల్లదు. మట్టి రేణువు చాటున క్రిమి దాక్కుంటుంది. 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మం కాలనీలను ముంచినట్టు వరదొచ్చినప్పుడు ముందు వడపోత, ఆపై క్లోరిన్. గొట్టం దాటిన నీటిని యూవీ తర్వాత కాపాడదు, క్లోరిన్ కాపాడుతుంది. ఇంటర్వ్యూలో యూవీ ఉంటే క్లోరిన్ ఎందుకని అడిగితే చెప్పాల్సింది ఇదే.

ఈ మధ్య తెలిసినవాళ్ల ఇంట్లో క్రిములను చంపే టార్చి అని కొన్నది చూశాను. ఊదారంగు వెలుగు, అట్ట మీద 395 నానోమీటర్లు. దొంగ నోటు పట్టడానికి బాగుంటుంది. క్రిములను చంపే అసలైన యూవీ, అంటే యూవీసీ, 280 లోపే ఉండాలి. అది చూపుకూ చర్మానికీ ప్రమాదం. వెల్డింగ్ మంట చూసినవాడికి రాత్రి కళ్లలో ఇసుక పోసినట్టుంటుందే, అదే బాధ. ప్లాంటులో గొట్టం మూత తీసేముందు స్విచ్ ఆపండి. ట్యూబు పగిలితే చీపురు పట్టుకోకుండా ముందు కిటికీలు తెరవండి. కొత్త ట్యూబు పెట్టాక స్టీలు గొట్టం మీద మార్కర్‌తో తేదీ రాయండి.