విరామ మెరుగని కథకుడు

కథలు చదివి సంతోషించువారు లోకమున పెక్కురు. ఆ కథ యెట్లు పుట్టినదో ఆలోచించువారు మాత్రము కొలదిమంది. అందును అద్భుతకథ యనగానే రచయిత కన్నులు మూసికొని కూర్చుండగా కల్పన తనంతట తానే వచ్చి కాగితముపై వ్రాలునని మనము తలంతుము. ఏడు సముద్రముల కావల మఱ్ఱితొఱ్ఱలోని చిలుకయందు మాంత్రికుని ప్రాణము దాగియున్నదని వినిన బాలునకు చిలుక కనబడును గాని, ఆ కథను కూర్చినవాని శ్రమ కనబడదు. అద్భుతకథలు వ్రాయుటయే వృత్తిగా గైకొని, గడువులకును, సభలకును, పాఠకుల కోర్కెలకును నడుమ జీవితమంతయు రచన మానని ఆంగ్ల రచయిత యొకడు కలడు. ఆతని పేరు టెర్రీ ప్రాచెట్.

ప్రాచెట్ 1948వ సంవత్సరము ఏప్రిల్ 28వ తేదీన ఇంగ్లండు దేశమునందలి బీకన్స్‌ఫీల్డు పట్టణమున జన్మించెను. తండ్రి యంత్రములు బాగుచేయు పనివాడు. తల్లి కార్యదర్శిగా పనిచేయుచుండెను. వారి కితడొక్కడే సంతానము. తనకు నిజమైన విద్య నేర్పినది పాఠశాలకన్న తన యూరి గ్రంథాలయమే యని యాతడు పలుమార్లు చెప్పుకొనెను. పదమూడేండ్ల ప్రాయమున పాఠశాల పత్రికకు కథ యొకటి వ్రాసెను. ఆ కథయే 1963లో బయటి పత్రికలో అచ్చుపడగా పదునాలుగు పౌనుల పారితోషికము లభించెను. ఆ ధనముతో ఆ బాలుడు పాత టైపు యంత్రము నొకదానిని కొనెను. కథ తెచ్చిన ధనము మఱల కథలకే వినియోగమయ్యెను.

1965లో ప్రాచెట్ చదువు విడిచి తమ ప్రాంతపు వార్తాపత్రికలో విలేఖరిగా చేరెను. వార్తలు సేకరించుటతోపాటు ఆ పత్రికలోని పిల్లల పుటకు కథలు వ్రాయుటయు ఆతని పనియే. పత్రిక ముద్రణకు పోవు గడియ యెవ్వరికొరకును ఆగదు. ‘నేడు నాకు మనసు కుదురలేదు’ అని విలేఖరి చెప్పినచో వినువారుండరు. గడువు దాటకుండ వ్రాయు నలవాటు ఆతనికి అచ్చటనే పట్టువడెను. 1971లో ఆతని మొదటి నవల వెలువడెను. ఒక తివాచీ నూలుపోగుల నడుమ నివసించు సూక్ష్మజనుల కథ యది.

మొదటి నవల వచ్చినంతమాత్రమున కుటుంబము గడవదు. 1980లో ప్రాచెట్ విద్యుదుత్పాదన సంస్థలో వార్తాధికారిగా చేరెను. అణువిద్యుత్కేంద్రములను గూర్చి పత్రికలవారడుగు ప్రశ్నలకు ఉత్తరమిచ్చుట ఆతని విధి. పగలంతయు ఉద్యోగము చేసి, రాత్రి యింటికి వచ్చి, దినమునకు నాలుగువందల మాటల చొప్పున నవల వ్రాయుట నియమముగా పెట్టుకొనెను. ఆతని మిత్రుడును రచయితయు నగు నీల్ గైమన్ దీనినిగూర్చి యొక ముచ్చట చెప్పియున్నాడు. ఒకనాటి రాత్రి నవల ముగిసెను. కాని నాలుగువందల మాటలకు ఇంకను నూఱు మాటలు తక్కువగా నుండెను. ప్రాచెట్ లేవలేదట. క్రొత్త కాగితమును యంత్రమున కెక్కించి, మఱుసటి నవలయొక్క మొదటి నూఱు మాటలను వ్రాసి, పిదప లేచెనట!

విద్యార్థులారా! లెక్క వేసి చూడుడు. దినమునకు నాలుగువందల మాటలనగా మీ నోటుపుస్తకములో రెండు మూడు పుటలకు మించదు. కాని యేడాది తిరుగునప్పటికి అవి 1,46,000 మాటలగును. ఒక పెద్ద నవలకు అంతకంటె నెక్కుడు అక్కఱలేదు.

ఇట్లు వ్రాసిన నవలలలో 1983లో వెలువడిన ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’ ఆతని కీర్తికి నాందియయ్యెను. అందలి ప్రపంచము బంతివలె గుండ్రముగా నుండక పళ్ళెమువలె నుండును. దానిని నాలుగు ఏనుగులు మోయుచుండును. ఆ యేనుగులు ఒక మహాకూర్మము వీపుపై నిలిచి యుండును. ఆ తాబేలు ఆకాశమున మెల్లగా నీదుకొనుచు పోవుచుండును. ఆదికూర్మమును, అష్టదిగ్గజములను ఎఱిగిన మన కీ చిత్రము క్రొత్త కాదు. భూమిని మోయు గజకూర్మములను గూర్చిన ప్రాచీన భావన మన దేశమునుండి పశ్చిమమునకును ప్రాకినది. దానినే ప్రాచెట్ హాస్యమునకు పీఠముగా చేసికొనెను. ఆ ప్రపంచమునకు ‘డిస్క్‌వరల్డ్’ అని పేరు. అందు మాంత్రికులును, మంత్రగత్తెలును ఉందురు. అయినను వారి పట్టణములో తపాలా కార్యాలయము చెడిపోవును, బ్యాంకు నడుపవలసివచ్చును, వార్తాపత్రిక పుట్టును. చదువరి నవ్వుచు నవ్వుచునే తన యూరినే అందు చూచుకొనును.

1987లో ప్రాచెట్ ఉద్యోగమును విడిచి పూర్తిగా రచయిత యయ్యెను. ఇక తీరిక దొరకినదనుకొందుమేమో! అటుపిమ్మట ఏడాదికి సుమారు రెండు పుస్తకముల వంతున వ్రాయసాగెను. ఒక పుస్తకము అచ్చులో నుండగా మఱియొకటి బల్లపై నుండెడిది. 1990వ దశకమున బ్రిటనులో పుస్తకములు మిక్కిలిగా అమ్ముడుపోయిన రచయితలలో ఇతడు అగ్రగణ్యుడు. ఆ దశకముననే పాఠకులు ఆతని కథల పేరిట సమ్మేళనములు జరుపనారంభించిరి. పుస్తకము వెలువడినప్పుడెల్ల ఊరూరు తిరిగి, అంగళ్ళలో కూర్చుండి, పాఠకులకు సంతకములు చేయవలసియుండెను. వెడల్పైన నల్లటోపీ ధరించిన ఆ మూర్తికొరకు జనులు బారులు తీరి గంటల తరబడి నిలుచుచుండిరి. ప్రాచెట్ సంతకము చేయని ప్రతి దొరకుటయే అరుదని హాస్యముగా చెప్పుకొనెడివారు.

రచనకు ఏకాంతము కావలయును. కీర్తి ఏకాంతమును హరించును. పాఠకుని విడిచినచో పుస్తకమునకు ప్రాణము లేదు. పాఠకులతోనే కాలమంతయు గడపినచో మఱుసటి పుస్తకమే లేదు. ఈ రెంటికిని నడుమ ఆతడు దేనిని కాదనలేదు. పగలు జనులకిచ్చి, మిగిలిన వేళను పుటల కిచ్చెను. పిల్లలకొరకు వ్రాసిన యొక నవలకు 2001వ సంవత్సరపు కార్నెగీ పతకము లభించెను. 2009లో ‘సర్’ బిరుదము వచ్చెను. బిరుదవీరునకు ఖడ్గముండవలెనని తలంచి, ఇంటి సమీపమున ఇనుపరాతిని త్రవ్వి, ఉల్కాశకలములను గూడ చేర్చి కరగించి, తనకొక ఖడ్గమును తయారుచేయించుకొనెను. అందు తానును స్వయముగా పనిచేసెను.

కాని యప్పటికే ఆతనికి కఠినపరీక్ష సంభవించియుండెను. 2007వ సంవత్సరము డిసెంబరు నెలలో తనకు ఆల్జీమర్స్ వ్యాధి సోకినదని ప్రాచెట్ లోకమునకు తెలిపెను. ఆతనికి వచ్చినది ఆ వ్యాధిలో అరుదగు రూపము. అది మెదడునందలి వెనుకభాగమును క్షీణింపజేయును. కన్నులు బాగుగనే యుండును. కాని కన్ను చూచినదానిని మెదడు గ్రహింపజాలదు. ఎదుటనున్న అక్షరము కానరాదు. వ్రేళ్ళకు మీట దొరకదు. మాటలతో జీవించువానికి అంతకంటె క్రూరమైన గడువు వేఱొకటి యుండునా?

టైపుచేయుట చేతగాకపోయినను కథ చెప్పుట చేతనగును గదా యని ప్రాచెట్ నిశ్చయించుకొనెను. ఆతడు నోట చెప్పుచుండగా సహాయకుడగు రాబ్ విల్కిన్స్ వ్రాసెడివాడు. మాటను విని అక్షరములుగా మార్చు కంప్యూటరును గూడ వాడెను. ఇట్లు 2009 మొదలు 2013 వఱకు ప్రతి సంవత్సరమును కనీసమొక నవల వెలువడుచునే యుండెను. వ్యాధిని దాచుకొనుటకు మాఱుగా ఆతడు దానిని గూర్చి బహిరంగముగా మాటలాడెను. 2008లో పరిశోధనకొరకు పది లక్షల డాలర్లు విరాళమిచ్చెను. 2010లో టెలివిజనులో ఒక ప్రసిద్ధోపన్యాసము చేయవలసివచ్చినప్పుడు, చూచి చదువుట కష్టమైనందున, మొదట కొన్ని మాటలు తాను పలికి, తక్కిన యుపన్యాసమును నటుడగు తన మిత్రునిచేత చదివించెను. తన యశక్తిని పదిమంది యెదుట ఒప్పుకొనుటకు ఆతడు సిగ్గుపడలేదు.

2015వ సంవత్సరము మార్చి 12వ తేదీన, అఱువదియాఱవ యేట, ప్రాచెట్ తన యింట కన్నుమూసెను. డిస్క్‌వరల్డ్ నవలలలో నలువదియొకటవదియు కడపటిదియు ఆ యేడే, ఆతని మరణానంతరము, వెలువడెను. అసంపూర్ణములగు తన రచనలు ఇతరుల చేతులలో పడరాదని ఆతడు కోరియుండెను. ఆ కోరిక ప్రకారము 2017 ఆగస్టులో, ఆవిరియంత్రములు ప్రదర్శించు నొక జాతరలో, ఆ రచనలున్న కంప్యూటరు భాగమును రోడ్డురోలరు క్రింద పెట్టి నలుగగొట్టిరి. తాను చెక్కి ముగింపని మాటను పాఠకునికి ఇచ్చుటకు ఆ రచయిత సమ్మతింపలేదు.

ప్రాచెట్ పుస్తకములు ఎనిమిది కోట్లకు పైగా అమ్ముడుపోయినవి. ఆ సంఖ్య గొప్పదే. అయినను దాని మూలము మనకు తెలిసినదే: పగలెల్ల ఉద్యోగము చేసి వచ్చిన యొక మనుజుడు, రాత్రివేళ దీపము క్రింద, ఇంకను నూఱు మాటలు మిగిలియున్నవని లెక్క చూచుకొని, క్రొత్త కాగితమును యంత్రమున కెక్కించుట.

ప్రశ్నలు

1. పత్రికలోని ఉద్యోగము ప్రాచెట్‌కు ఏమి నేర్పెను?
2. డిస్క్‌వరల్డ్ ప్రపంచము ఎట్లుండును? అది మన పురాణములలోని యే భావనను తలపించును?
3. ‘రచనకు ఏకాంతము కావలయును, కీర్తి ఏకాంతమును హరించును.’ వివరింపుడు.
4. వ్యాధి సోకిన పిమ్మట ప్రాచెట్ తన రచనను ఎట్లు కొనసాగించెను?