లాయియేలో తీరిగ్గా ఉండు చెల్లీ

హవాయికి టికెట్లు తీసుకున్నామని నువ్వు చెప్పగానే ఎంత సంతోషమేసిందో! వైకికీ బీచి ఎలాగూ చూస్తావు. ఒక రోజు మాత్రం పూర్తిగా లాయియే ఊరికి అట్టేపెట్టు. అదే ఓహూ దీవిలో, ఈశాన్య తీరాన ఉంది. కారులో గంట పైనే పడుతుంది. పాలినేషియన్ కల్చరల్ సెంటర్ ఉన్నది అక్కడే.

అది పుట్టిన తీరు నాకు చాలా ఇష్టం. 1940లో ఆ ఊరి చర్చి కాలిపోయింది. కొత్తది కట్టుకోవాలంటే డబ్బు కావాలి కదా! 1948లో ఊరంతా కలిసి హుకిలావు పెట్టుకున్నారు. అంటే ఆడా మగా అందరూ కలిసి సముద్రంలోంచి పెద్ద వల లాగడం, ఆ తర్వాత విందు, పాటలు, ఆటలు. చూడ్డానికి జనం విరగబడ్డారు. ఆ ఊపే 1963లో ఈ సెంటర్‌దాకా వచ్చింది. ఇప్పుడు 42 ఎకరాల్లో హవాయి, సమోవా, టోంగా, తహితి, ఫిజీ, మావోరీల ఆవొటెయరోవా, ఇలా ఆరు పల్లెలున్నాయి.

సమోవా పల్లెలో కాసేపు కూర్చో. నేలలో పాతిన మొనదేలిన కర్రకి కొబ్బరికాయని గుచ్చి, రెండు విసుర్లలో పీచు ఒలిచేస్తాడు కుర్రాడు. చిప్ప పగలగొట్టి, అచ్చం మన కోరాం మీద కూర్చున్నట్టే కూర్చుని కోరతాడు. ఆ కోరుని పీచులో చుట్టి పిండితే చిక్కటి పాలు ధారకడతాయి. గుడ్డా అక్కర్లేదు, జల్లెడా అక్కర్లేదు.

టికెట్టు పెట్టి చూపించేది నిజమైన సంస్కృతేనా అని కొందరంటారు. నేనైతే ఒప్పుకోను. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది పక్కనే ఉన్న బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ విద్యార్థులు. చాలామంది ఆ దీవుల నుంచి వచ్చిన పిల్లలే. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నేర్చిన విద్యే వాళ్లకి చదువు ఖర్చులకి ఆసరా అవుతోంది. అందులో తప్పేముంది చెప్పు? హవాయివాళ్ల నాట్యం హులానే చూడు. 1830లో కాహుమాను రాణి దాన్ని నలుగురిలో ఆడకూడదంది. 1883లో కలాకవా రాజు తన పట్టాభిషేకంలో మళ్లీ ఆడించాడు. అంత గండం గడిచిన ఆట అది! నడుము కదలికలు కాదు, చేతులు చూడు. కథంతా చేతుల్లోనే ఉంటుంది.

రాత్రి జరిగే పెద్ద ప్రదర్శన బాగుంటుంది, కాదనను. దానికోసమే సాయంత్రం వెళ్తే మాత్రం పల్లెలన్నీ పోగొట్టుకున్నట్టే. మధ్యాహ్నానికల్లా అక్కడుండు. విందులో గోతిలో కాల్చిన పంది మాంసం పెడతారు. నువ్వు తినవుగా, టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పు. చేమజాతి దుంప ఉడికించి, మెత్తగా దంచి చేసే పోయి మాత్రం రుచి చూడు. వేలితో తీసుకుని తినాలి, కాస్త పుల్లగా ఉంటుంది.

అన్నట్టు, ఆదివారం మూసేస్తారు. మిగతా రోజుల్లో ఏది వీలో ముందే చూసుకుని బయల్దేరు.