పాత మైక్రోవేవ్ ఓవెన్‌తో మెరుపుల ప్రయోగమా? జాగ్రత్త!

నికోలా టెస్లా 1891లో రూపొందించిన టెస్లా కాయిల్ గాలిలోకి మెరుపులు చిమ్ముతుంది. దీనిని ఇంట్లోనే తయారుచేయాలని కొందరు యువకులు ముచ్చటపడతారు. అందుకోసం పాత నియాన్ బోర్డుల ట్రాన్స్‌ఫార్మర్లు, పాడైన మైక్రోవేవ్ ఓవెన్లు కొంటారు. మీ ఇంట్లో అలాంటి ఆసక్తి గలవారుంటే ఈ సంగతులు తెలుసుకోండి.

ప్రమాదం ఎక్కడ ఉంది?

చూసేవారు పైనున్న మెరుపుకు భయపడతారు. కాని ఎక్కువ ప్రాణాపాయం కిందనున్న ట్రాన్స్‌ఫార్మర్ వల్లనే. మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ సుమారు 2,000 వోల్టులు ఇస్తుంది. ఆంపియర్‌లో పదో వంతు కరెంటు గుండె గుండా పోయినా ప్రాణం పోవచ్చు. ఇది అంతకు ఎన్నో రెట్లు ఇవ్వగలదు. ఈ షాకుకు ఇంట్లోని ట్రిప్ స్విచ్ పడకపోవచ్చు. ప్లగ్ తీసిన తరువాత కూడా ఓవెన్‌లోని కెపాసిటర్‌లో విద్యుత్తు నిలిచి ఉండవచ్చు.

షాక్ తగిలితే ఏం చేయాలి?

ముందు మెయిన్ ఆపండి. అంతవరకు మనిషిని ముట్టుకోకండి. ఇంత వోల్టేజీ దగ్గర కర్రను కూడా నమ్మరాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి. స్పృహ, శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

మనిషి లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురండి. చర్మంపై చిన్న మచ్చే కనిపించినా లోపల కండరాలు కాలి ఉండవచ్చు. ఇ.సి.జి. తీసి గుండెను పరీక్షించాలి. మూత్రం ముదురు రంగులో వస్తే తప్పక డాక్టరుకు చెప్పండి.

పిల్లల ఆసక్తిని అణచకండి. ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చిన్న బ్యాటరీ ప్రయోగాలు చేయనివ్వండి. పాత ఓవెన్‌ను మాత్రం విప్పనివ్వకండి.