డయాలసిస్ రోగికి డబ్బా భోజనం – దాతలకు ఒక పాఠం

రోగిని పరామర్శించడం, ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం మన ధర్మంలో పెద్ద పుణ్యకార్యాలు. ఈ రెండూ ఒకేచోట కలిసే సేవ ఒకటుంది. కిడ్నీలు పాడై డయాలసిస్ మీద బతుకుతున్నవారికి, వారు తినదగిన భోజనం అందించడమే ఆ సేవ. చెప్పడానికి తేలికే గాని, చేయడానికి కొంత చదువు కావాలి. ఉపాధ్యాయులుగా మాకు తెలిసిన పద్ధతిలో ఆ చదువును ఒక పాఠంగా ఇక్కడ అందిస్తున్నాము.

మన గోదావరి ప్రాంతంలో రోగిని చూడడానికి ఎవరూ వట్టి చేతులతో వెళ్ళరు. రెండు కొబ్బరి బోండాలో, ఒక అత్తం అరటిపళ్ళో పట్టుకుని వెళ్తారు. రమజాన్ అయితే ఖర్జూరం పొట్లం, ఇంట్లో చేసిన హలీం గిన్నె తీసుకువెళ్తారు. అభిమానంతో తెచ్చే ఈ నాలుగింటిలోనూ పొటాషియం ఎక్కువ. మామూలు మనిషికి ఇవన్నీ బలమే. డయాలసిస్ రోగి రక్తంలో పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. కాబట్టి ఈ విషయంలో మంచి మనసుకు తోడు మంచి తెలివిడి కూడా ఉండాలి.

1. వారానికి 168 గంటల లెక్క

ఆరోగ్యవంతుడి కిడ్నీలు వారంలో 168 గంటలూ పనిచేస్తాయి. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, అంటే మొత్తం 12 గంటలు. మిగిలిన 156 గంటల్లో తిన్న ఉప్పు, తాగిన నీరు, పొటాషియం, ఫాస్ఫరస్ చాలావరకు ఒంట్లోనే పేరుకుంటాయి. మూడు డయాలసిస్‌ల మధ్య ఒకచోట రెండు రోజుల విరామం తప్పదు. గుండెకు ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండేది ఆ విరామం చివరే. అందుకే ఈ రోగులకు తిండి కూడా వైద్యంలో ఒక భాగం.

మన ప్రభుత్వం డయాలసిస్ ఖర్చు భరిస్తోంది. డయాలసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఊళ్ళకు ఊళ్ళనే పట్టి పీడించడంతో, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టి 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. ఇవన్నీ పెద్ద మేళ్ళే. కాని డయాలసిస్ రోజున రోగి ఏం తినాలన్నది ఇంటివారి తలనొప్పిగానే మిగిలిపోతుంది.

పిఠాపురం నుంచి కాకినాడకు సుమారు 20 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరాలి, యంత్రం దగ్గర వంతు కోసం ఆగాలి, నాలుగు గంటలు మంచం మీద ఉండాలి, మళ్ళీ బస్సెక్కి ఇంటికి రావాలి. తోడు వెళ్ళిన భార్యకో, కొడుక్కో ఆ రోజు కూలి పోతుంది. వంట చేసే మనిషే తోడు వెళ్తే ఇంట్లో పొయ్యి వెలగదు. అప్పుడు బండి మీది సాంబారు ఇడ్లీయో, పులిహోర పొట్లమో తింటారు, లేదా పస్తుంటారు. మొదటిది ఉప్పును, పొటాషియంను పెంచుతుంది. రెండోది ఒంట్లోని కండను కరిగిస్తుంది. రోగికి మధుమేహం కూడా ఉంటే పస్తు మరీ ప్రమాదం.

2. అయిదు కొలతలు

డబ్బా కట్టేవారు ఈ అయిదూ గుర్తుంచుకోవాలి.

ఉప్పు: రోజంతటికీ 5 గ్రాములకు మించరాదు. అది సుమారు ఒక టీస్పూను. ఒక డబ్బాకు ఒక గ్రాము చాలు. ఆవకాయ, అప్పడం, వడియాలు, ఎండుచేపలు పూర్తిగా మానాలి. బజారులో దొరికే ‘తక్కువ సోడియం’ ఉప్పులో పొటాషియం కలుపుతారు కనుక అది ఈ రోగులకు విషంతో సమానం.

నీరు: రోజుకు వచ్చే మూత్రం కొలతకు సుమారు అర లీటరు కలిపి, అంతవరకే తాగమని వైద్యులు సాధారణంగా చెబుతారు. చారు, మజ్జిగ, గంజి, టీ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి డబ్బాలో పులుసు కూర వద్దు, ముద్ద కూర కావాలి.

పొటాషియం: బంగాళాదుంప, కంద, చేమ, ఆకుకూరలు, టమాటా, చింతపండు, కొబ్బరినీళ్ళు, అరటిపండు, ఖర్జూరంలో ఇది ఎక్కువ. బీర, సొర, పొట్ల, దొండ, క్యాబేజీలలో తక్కువ.

ఫాస్ఫరస్: కూల్‌డ్రింకులు, ప్యాకెట్ తిండి, పాలు, లివరు, బోటిలో ఎక్కువ. దీన్ని అడ్డుకునే మాత్రలు వైద్యులు రాస్తారు. వాటిని భోజనంతో పాటే వేసుకోవాలి, అరగంట ఆగితే ఫలితం తగ్గుతుంది. డబ్బా మూత మీద ‘మాత్ర వేసుకున్నారా?’ అని అంటిస్తే మేలు.

మాంసకృత్తులు: ఇక్కడ చాలామంది పొరబడతారు. డయాలసిస్ మొదలుకాక ముందు మాంసకృత్తులు తగ్గించమంటారు. మొదలయ్యాక పెంచమంటారు, ఎందుకంటే యంత్రంలో కొంత కొట్టుకుపోతుంది. డయాలసిస్ రోగికి బరువులో ప్రతి కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట. పాత అలవాటు కొద్దీ పప్పు, మాంసం, గుడ్డు అన్నీ మానేసి అన్నం మజ్జిగతో గడిపేవారు నీరసించిపోతారు.

ఇవి సాధారణ కొలతలు. ఒక్కో రోగికి ఎంతన్నది రక్తపరీక్ష చూసి వైద్యుడు, ఆహార నిపుణుడు చెప్పాలి. వారి చీటీ లేకుండా ఎవరికీ డబ్బా కట్టకూడదు.

3. డబ్బాలో ఏముండాలి?

ఒక డబ్బా విప్పితే పూట గడిచిపోవాలి, పక్కన ఇంకేమీ వెతుక్కోనక్కరలేదు. మచ్చుకు మూడు రకాలు చెబుతున్నాము.

మొదటిది, 200 గ్రాముల అన్నం, ఎముక లేని 60 గ్రాముల కోడిమాంసంతో వేపుడు, 100 గ్రాముల బీరకాయ కూర. దీనిలో మాంసకృత్తులు సుమారు 18 గ్రాములు. రెండోది, అంతే అన్నం, ముల్లు తీసిన 70 గ్రాముల బొచ్చె లేదా శీలావతి చేప, దొండకాయ కూర. మూడోది మాంసం తిననివారికి, నాలుగు ఇడ్లీలు, పొడిగా చేసిన సొరకాయ కూర. గుడ్డు తినేవారైతే ఉడికిన తెల్లసొన రెండు గుడ్లది అప్పటికప్పుడు చేర్చుకోవచ్చు. ఒక్కో తెల్లసొనలో సుమారు మూడున్నర గ్రాముల మాంసకృత్తులుంటాయి, ఫాస్ఫరస్ చాలా తక్కువ.

కూరగాయల తొక్క తీసి, సన్నగా తరిగి, బోలెడు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి. దీంతో పొటాషియం బాగా తగ్గుతుంది. వట్టి నీళ్ళలో నానబెడితే అంతగా తగ్గదు. మన ఇళ్ళలో ఉడికించిన నీటిని బలమని చారులో పోస్తారు. ఈ వంటలో అది పనికిరాదు. ఉప్పు తగ్గిన రుచిని అల్లం, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, ధనియాలు, దింపాక పిండిన నాలుగు చుక్కల నిమ్మరసం పూడ్చగలవు.

4. గడ్డకట్టించడం, నిలవచేయడం

అమెరికా వెళ్ళే పిల్లల దగ్గరకు వెళ్ళిన మన తెలుగు తల్లులు, తిరిగివచ్చే ముందు కూరలు వండి డబ్బాల్లో పెట్టి ఫ్రీజర్ నింపి వస్తారు. బిడ్డ నెల రోజులపాటు అమ్మచేతి వంట తింటాడు. అదే తెలివి ఇక్కడా పనికొస్తుంది. రోజూ విడిగా వండలేని ఇంటికి వారానికొకసారి వండిపెడితే చాలు.

క్రిములు పెరిగేది 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య. వండిన పదార్థాన్ని ఆ వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదు. గిన్నె నిండా వేడి అన్నం పెట్టి మూతవేస్తే లోపల చల్లారడానికి చాలాసేపు పడుతుంది. అన్నంలో పెరిగే ఒక రకం క్రిమి విడుదల చేసే విషం మళ్ళీ వేడిచేసినా పోదు. కాబట్టి వెడల్పు పళ్ళెంలో పలచగా పరిచి, త్వరగా చల్లార్చి, డబ్బాలకెత్తి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టాలి. మూత మీద వంటకం పేరు, వండిన తేదీ, రోగి పేరు రాయాలి. నెలలోపు వాడెయ్యాలి. ఒకసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టించరాదు.

ఒంటి తలుపు ఫ్రిజ్ పైఅరలో మైనస్ 18 డిగ్రీలు నిలవదు. పేద ఇంట్లో అసలు ఫ్రిజ్జే ఉండకపోవచ్చు. అందుకే అందరికీ కలిపి ఒక డీప్ ఫ్రీజర్ కావాలి. నిండుగా ఉన్న ఫ్రీజర్‌ను తెరవకపోతే కరెంటు పోయినా సుమారు 48 గంటలు, సగమే నిండితే 24 గంటలు చల్లదనం నిలుస్తుంది. గ్లాసుడు నీళ్ళు గడ్డకట్టించి, పైన ఒక రూపాయి నాణెం పెట్టి లోపల ఉంచండి. నాణెం కిందికి దిగిపోయి కనిపిస్తే మధ్యలో మంచు కరిగిందని అర్థం. ఆ డబ్బాలన్నీ పారెయ్యాల్సిందే.

అన్నం, ఇడ్లీ, మాంసం, చేప గడ్డకట్టినా పాడవవు. ఉడికిన తెల్లసొన రబ్బరులా మారుతుంది, పెరుగు విరుగుతుంది, కీరదోస నీళ్ళోడుతుంది. వీటిని ఫ్రీజర్లో పెట్టవద్దు.

5. దారిలో, ఆసుపత్రిలో

ఉదయం గడ్డకట్టిన డబ్బాను ఐస్‌ప్యాకులతో మంచుపెట్టెలో పెట్టుకుని బయలుదేరాలి. మన ఎండల్లో వట్టి చేతిసంచి పనికిరాదు. డయాలసిస్ జరుగుతుండగా తింటే కొందరికి రక్తపోటు పడిపోతుంది. కనుక నర్సును అడిగి, చాలామంది అయ్యాకే తినడం మేలు. తినేముందు ఆవిర్లు కక్కేలా, లోపలి భాగం 75 డిగ్రీలకు చేరేలా వేడిచెయ్యాలి. కరెంటు టిఫిన్ బాక్సు ఒక మార్గం. ఆసుపత్రి అనుమతిస్తే దాతలు ఒక మైక్రోవేవ్ సమకూర్చడం మరో మార్గం. మైక్రోవేవ్‌లో స్టీలు డబ్బా పెట్టరాదు, దానికి తగిన డబ్బాలే కొనాలి. ఏదీ కుదరకపోతే ఇంటికి వచ్చాక ఇడ్లీపాత్రలో ఆవిరిపెట్టి తినాలి. మధుమేహం ఉన్నవారి దగ్గర పంచదారో, గ్లూకోజో ఉండాలి. చక్కెర పడిపోయినప్పుడు బత్తాయి రసం ఇస్తే పొటాషియం పెరుగుతుంది.

6. రమజాన్, ఫిద్‌యా

రోగికి ఉపవాసం నుంచి అల్లాహ్ సడలింపు ఇచ్చాడు. నయం కాని జబ్బుతో ఇక ఉపవాసం ఉండలేనివారు ఒక్కో ఉపవాసానికి బదులు ఒక నిరుపేదకు భోజనం పెట్టాలి. అదే ఫిద్‌యా. ఈ భోజన నిధికి ఫిద్‌యా, సదఖా, జకాత్‌లలో ఏది ఏ షరతులతో వర్తిస్తుందో మన ఉలమాలను అడిగి, ఖాతాలు విడివిడిగా రాయాలి. ఇఫ్తార్‌కు పిలిచినప్పుడు డయాలసిస్ రోగి ముందు ఖర్జూరం, హలీం పెట్టి మొహమాటపెట్టకండి. ఆయన డబ్బాను కూడా అదే దస్తర్‌ఖాన్ మీద పెట్టి పక్కన కూర్చోబెట్టుకోండి.

ఈ జబ్బుకు మతం లేదు, డబ్బాకూ ఉండకూడదు. తెలుగులో కావ్యాలు, నాటకాలు రాసిన ఉమర్ అలీషా గారి ఊరు మనది. మాంసం ముట్టని పొరుగువారికోసం వేరే పాత్రలు, వేరే రోజు కేటాయించడం మర్యాద.

7. దాతల ముందున్న లెక్క

1985లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో రూత్ బ్రింకర్ అనే పెద్దావిడ, ఎయిడ్స్‌తో మంచాన పడి వండుకోలేకపోతున్న కొద్దిమందికి భోజనం వండి పంపడం మొదలుపెట్టారు. అదే తర్వాత ప్రాజెక్ట్ ఓపెన్ హ్యాండ్ అనే పెద్ద సంస్థ అయింది. మనమూ కొద్దిమందితోనే మొదలుపెట్టవచ్చు.

వారానికి మూడు డయాలసిస్‌లంటే నెలకు 13. పదిమంది రోగులకు నెలకు 130 డబ్బాలు, వారానికి 30. ఆదివారం ఒక్కపూట నలుగురు కూర్చుంటే అయ్యే పని. కావలసినవి ఒక డీప్ ఫ్రీజర్, రెండు జతల డబ్బాలు, పది మంచుపెట్టెలు, ఒక తూకం, ఒక ఉష్ణమాపకం, నెలకొకసారి ఆహార నిపుణుని సలహా. లాభాపేక్ష లేకపోయినా ఆహారం పంచేవారు 2006 నాటి ఆహార భద్రతా చట్టం పరిధిలోకి వస్తారు, కనుక నమోదు చేయించుకోవాలి. బిర్యానీ దేగ్ ఒకటి ఇస్తే ఆ రోజుతో తీరిపోతుంది. ఫ్రీజర్ ఒకటి ఇస్తే ఏళ్ళ తరబడి పనిచేస్తుంది, కాని దానికి నెలనెలా కరెంటు బిల్లు కట్టే దాత కూడా కావాలి.

పునశ్చరణ

చదివినవారు ఇంట్లో పిల్లలతో కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పుకోండి.

1. డయాలసిస్ రోగిని చూడడానికి వెళ్తూ కొబ్బరి బోండాం ఎందుకు తీసుకువెళ్ళకూడదు?
2. కూరగాయలు ఉడికించిన నీటిని ఏం చెయ్యాలి?
3. డయాలసిస్‌కు ముందూ, తర్వాతా మాంసకృత్తుల విషయంలో తేడా ఏమిటి?
4. ఫ్రీజర్లో నాణెం దిగిపోతే మనం ఏం చెయ్యాలి?
5. మీ వీధిలో డయాలసిస్‌కు వెళ్ళేవారు ఎవరు? ఆ రోజు వారు ఏం తింటున్నారు?

మొదటి నాలుగింటికి జవాబులు ఈ పాఠంలో ఉన్నాయి. అయిదో దానికి జవాబు కావాలంటే వారి తలుపు తట్టి అడగాలి. అడిగి వచ్చినవారు సొసైటీ కార్యాలయంలో ఆ పేరు ఇస్తే, ఇన్షా అల్లాహ్, మొదటి పది డబ్బాలు ఎవరికన్నది అక్కడే తేలుతుంది.