థర్మామీటరు గుట్ట ఎక్కితే ఊరు చల్లబడిందా?

న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌లో ఉష్ణోగ్రతలు కొలిచే కేంద్రం 1927 చివరి దాకా థార్న్‌డన్ అనే ప్రాంతంలో, సముద్ర మట్టానికి 3 మీటర్ల ఎత్తున ఉండేది. 1928 నుంచి దాన్ని కెల్బర్న్ గుట్ట మీదికి, 125 మీటర్ల ఎత్తుకు మార్చారు. ఈ రెండు చోట్ల అంకెలనూ ఒకే వరుసలో పేర్చి గీత గీస్తే, 1928లో ఊరు ఉన్నట్టుండి చల్లబడినట్టు కనిపిస్తుంది. నిజానికి మారింది థర్మామీటరు ఉన్న చోటు మాత్రమే.

పైకి వెళ్లేకొద్దీ గాలి సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. ఆ లెక్కన 122 మీటర్లకు వచ్చే తేడా సుమారు 0.8 డిగ్రీలు. ఇంతేనా అనిపించవచ్చు. కానీ 1901 నుంచి 2018 వరకు భారతదేశ సగటు ఉష్ణోగ్రత పెరిగింది దాదాపు 0.7 డిగ్రీలే. ఒక శతాబ్దపు మార్పు కనబడకుండా పోవడానికి చిన్న గుట్ట చాలన్నమాట.

న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు ఈ సూత్రం ఒక్కదాన్నే నమ్ముకోలేదు. వెల్లింగ్టన్ విమానాశ్రయం ఎత్తు దాదాపు థార్న్‌డన్‌తో సమానం. అక్కడా, కెల్బర్న్‌లోనూ ఒకే కాలంలో తీసిన కొలతలను పోల్చినా తేడా సుమారు 0.8 డిగ్రీలే వచ్చింది. అందుకే థార్న్‌డన్ నాటి అంకెలను ఆ మేరకు తగ్గించారు. దాంతో దాగి ఉన్న వేడిమి పెరుగుదల బయటపడింది. ఇలాంటి సవరణలను తప్పుపడుతూ ఒక బృందం 2010లో కోర్టుకెక్కింది. 2012లో అక్కడి హైకోర్టు ఆ వ్యాజ్యాన్ని కొట్టివేసింది. అనుమానం రావడం సహజమే. అయితే సవరణ ఎప్పుడూ ఒకే వైపు జరగదు. కేంద్రం చుట్టూ కాంక్రీటు పెరిగి రాత్రుళ్లు వేడెక్కిన చోట, పెరుగుదలను తగ్గించి చూపాల్సి వస్తుంది.

చోటు మారకపోయినా, కొలత చూసే వేళ మారితే చిక్కే. గరిష్ఠ థర్మామీటరు చూపే అంకె, మనిషి వచ్చి సర్దే దాకా కిందికి దిగదు. మంగళవారం సాయంత్రం 5 గంటలకు 41 డిగ్రీల ఎండలో దాన్ని సర్దారనుకుందాం. రాత్రి వాన పడి బుధవారం పగలు 34 దాటలేదు. అయినా బుధవారం సాయంత్రం అది 41 అనే చూపుతుంది! ఒకే ఎండ రెండు రోజుల ఖాతాలో పడుతుంది. అమెరికాలో చాలామంది స్వచ్ఛంద పరిశీలకులు ఇలా సాయంత్రం చూసేవారు, తర్వాత ఉదయానికి మారారు. ఫలితంగా రికార్డులో లేని చల్లదనం వచ్చి చేరింది.

ఇలాంటి మార్పులను పట్టుకోవడానికి ఇరుగుపొరుగు కేంద్రాలే సాక్షులు. నంద్యాల, అనంతపురం మామూలుగా ఉండగా కర్నూలు ఒక్కటే ఒక ఏడాది నుంచి మెట్టు ఎక్కినట్టు ఒక డిగ్రీ పెరిగితే, ముందు చూడాల్సింది ఆకాశాన్ని కాదు, కేంద్రం రిజిస్టరును.

పరికరం లోపమైతే ఒక్కోసారి వెంటనే బయటపడుతుంది. 2024 మే 29న ఢిల్లీ ముంగేశ్‌పూర్‌లోని స్వయంచాలిత కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. అదే రోజు సఫ్దర్‌జంగ్‌లో నమోదైంది 46.8. ప్రామాణిక పరికరంతో పోల్చి చూసిన భారత వాతావరణ విభాగం, ముంగేశ్‌పూర్ అంకె దాదాపు 3 డిగ్రీలు ఎక్కువని తేల్చింది. అర డిగ్రీ తేడా అయితే ఎవరి కంటా పడేది కాదు. అందుకే కేంద్రాన్ని తరలించేటప్పుడు పాత చోటా, కొత్త చోటా కనీసం ఏడాదిపాటు కొలతలు జంటగా తీయడం మేలు. ఈలోగా పాత చోట భవనం లేస్తే ఆ అవకాశం ఇక రాదు.